మస్టాంగా, కమారోనా, ఛాలెంజరా: వీ8 కొనేముందు పోల్చి చూసుకునే పద్ధతి

అమెరికాలో ఉద్యోగం కుదురుకుని, క్రెడిట్ స్కోరు ఓ దారికొచ్చాక మనవాళ్లలో చాలామందికి ఒక కోరిక పుడుతుంది. ఇంట్లో కామ్రీయో సీఆర్‌వీయో ఎలాగూ ఉంది, దాని పక్కన ఒక వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్ కారు) నిలబెట్టాలి. డాలస్ టోల్‌వే మీద పక్క లేన్లోంచి ఛాలెంజర్ గుర్రుమంటూ దూసుకెళ్లినప్పుడల్లా ఆ కోరిక ఇంకాస్త ముదురుతుంది. ఇక రాత్రిళ్లు రివ్యూ వీడియోలు, హార్స్‌పవర్ అంకెలు, స్నేహితులతో "ఏది ఫాస్ట్?" అనే తెగని వాదన. ఆ వాదన వల్ల మీకు కారు దొరకదు. ఫోర్డ్ మస్టాంగ్, జీఎం వాళ్ల షెవర్లే కమారో, డాడ్జ్ ఛాలెంజర్, ఈ మూడు బండ్లకీ వేగంలో తేడా చిటికెడే. కూర్చోవడంలో, కనిపించడంలో, ఖర్చులో, తిప్పడంలో మాత్రం మూడూ మూడు దారులు. అందుకే కింది వరస అంకెలతో కాకుండా మీతో మొదలవుతుంది.

ఒక సంగతి ముందే తెలియాలి. ఈ మూడింట్లో షోరూమ్‌లో కొత్తగా దొరికేది మస్టాంగ్ ఒక్కటే. కమారో, ఛాలెంజర్ రెండూ 2023 డిసెంబరులో ఆగిపోయాయి. మొదటిది మిషిగన్‌లోని లాన్సింగ్‌లో, రెండోది కెనడాలోని బ్రాంప్టన్‌లో తయారయ్యేవి. ఛాలెంజర్ స్థానంలో డాడ్జ్ తెచ్చిన ఛార్జర్ ఎలక్ట్రిక్‌గానూ, ట్విన్ టర్బో ఆరు సిలిండర్ల ఇంజన్‌తోనూ వస్తోంది. అది వేరే కథ, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. కాబట్టి మనం పోల్చేవి ఇవి: 2015 నుంచి వచ్చిన మస్టాంగ్, 2016 నుంచి 2024 దాకా వచ్చిన ఆరో తరం కమారో, 2015 తర్వాతి ఛాలెంజర్. అంతకన్నా పాతవాటి జోలికి వెళ్తే ధర తగ్గుతుంది గానీ తలనొప్పులు పెరుగుతాయి.

1. ముందు ఒక కాగితం మీద మీ వారం రాసుకోండి

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ కారు ఏం చేస్తుంది? ఆఫీసుకి రోజూ నలభై మైళ్లు ట్రాఫిక్‌లో నడుస్తుందా? గరాజ్‌లో కవరు కప్పుకుని శనివారం కోసం ఎదురుచూస్తుందా? పిల్లలున్నారా, వాళ్ల కార్ సీట్లు ఇందులో బిగించాలా? ఇల్లు టెక్సస్‌లోనా, మంచు పడే మిషిగన్‌లోనా? అపార్ట్‌మెంట్ కింద నడవాలోనా పార్కింగ్, సొంత గరాజా?

ఈ జవాబులే సగం నిర్ణయం చేసేస్తాయి. రోజూ ట్రాఫిక్‌లో నడపాలంటే ఆటోమేటిక్ తీసుకోండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. వెనక సీట్లో మనిషి కూర్చోవాలంటే కమారోని ఇక్కడే కొట్టేయండి. ఊరినుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఇందులోనే ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొద్దామనుకుంటే ఛాలెంజర్ ఒక్కటే కాస్త మర్యాదగా ఉంటుంది. అదీ రెండు తలుపుల బండే కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెనక్కి దూరడం కష్టమే, వాళ్లని ముందు కూర్చోబెట్టి మీ ఆవిడని వెనక్కి పంపాల్సి వస్తుంది. ఆ సంభాషణ మీరే చూసుకోండి.

ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ లాంటి రేసు ట్రాక్‌లో ట్రాక్ డేకి (సొంత కారు నడుపుకోనిచ్చే రోజుకి) వెళ్లాలన్నది నిజంగా మీ ఆలోచనైతే వరస తిరగబడుతుంది: కమారో ముందు, మస్టాంగ్ తర్వాత, ఛాలెంజర్ చివర. "ఎప్పుడో ఒకసారి వెళ్తాను" అనుకునేవాళ్లు ట్రాక్‌ని ఈ కాగితం మీద రాయకండి.

2. పేరు కాదు, లోపలి ఇంజన్ చూసి జత కట్టండి

మస్టాంగ్ అన్న పేరుతోనే నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్ ఉంది, 760 హార్స్‌పవర్ల షెల్బీ జీటీ500 ఉంది. స్నేహితుడి ఛాలెంజర్ వీ6ని ఛాలెంజర్‌లోనే పై రకమైన మీ కలల హెల్‌క్యాట్‌తో పోల్చుకుని లాభం లేదు. సమాన స్థాయివాటిని పక్కపక్కన పెట్టాలి.

కింది మెట్టు మీద మస్టాంగ్ ఎకోబూస్ట్ (2.3 లీటర్ల టర్బో, 310 హార్స్‌పవర్), కమారో వీ6 (3.6 లీటర్లు, 335), ఛాలెంజర్ వీ6 (అదీ 3.6 లీటర్లే, 305 వరకు) ఉంటాయి. ఆకారం ముఖ్యం, శబ్దం అంత ముఖ్యం కాదు అనుకునేవాళ్లకి ఇవి చాలు. ఛాలెంజర్ వీ6లో జీటీ అనే రకానికి నాలుగు చక్రాల డ్రైవ్ కూడా దొరుకుతుంది. మంచు ప్రాంతాల్లో ఉండేవాళ్లకి ఈ మూడు బండ్లలో అలాంటి వీలు ఇంకెక్కడా లేదు.

మధ్య మెట్టే అసలు మెట్టు. మస్టాంగ్ జీటీలో 5.0 లీటర్ల కయోటీ ఇంజన్: 2015–17లో 435 హార్స్‌పవర్, 2018 నుంచి 450–460, 2024 నుంచి 480. కమారో ఎస్ఎస్‌లో 6.2 లీటర్ల ఎల్‌టీ1, 455. ఛాలెంజర్‌లో మాత్రం ఈ మెట్టు రెండుగా చీలుతుంది. ఆర్/టీ అంటే 5.7 లీటర్ల హెమీ, 375 దగ్గర. స్కాట్ ప్యాక్ అంటే 6.4 లీటర్లు, 485. ఆర్/టీని మస్టాంగ్ జీటీతో పోల్చి "ఛాలెంజర్ స్లో" అనేవాళ్లు, స్కాట్ ప్యాక్‌ని ఎకోబూస్ట్‌తో పోల్చి "మస్టాంగ్ స్లో" అనేవాళ్లు సమానంగా ఉన్నారు.

పై మెట్టు మీద సూపర్‌ఛార్జర్ (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) బండ్లు: కమారో జెడ్‌ఎల్1 (650), ఛాలెంజర్ హెల్‌క్యాట్ (2015లో 707, 2019 నుంచి 717, రెడ్‌ఐ అయితే 797), షెల్బీ జీటీ500. 2023లో డాడ్జ్ వీడ్కోలుగా వదిలిన డీమన్ 170 అయితే ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిసిన) ఇంధనంతో 1,025 హార్స్‌పవర్లు ఇస్తుంది. కంపెనీ పెట్టిన ధర 96,666 డాలర్లు. ఇది మీ మొదటి రియర్ వీల్ డ్రైవ్ కారైతే ఈ మెట్టు ఎక్కకండి. వెనక చక్రాలకి ఏడొందల గుర్రాలు కట్టి తడి రోడ్డు మీద ఎడమ మలుపు తిప్పడం నేర్చుకునే చోటు పబ్లిక్ రోడ్డు కాదు. హెల్‌క్యాట్‌కి కంపెనీయే రెండు రకాల తాళాలు ఇచ్చింది. ఎర్రదానితో తీస్తే మొత్తం శక్తి, నల్లదానితో తీస్తే 500 దగ్గర ఆగుతుంది. వాళ్లకే అంత అనుమానం ఉన్నప్పుడు మనకుండడంలో తప్పులేదు.

ఇక్కడినుంచి మధ్య మెట్టు గురించే ఎక్కువగా చెబుతాను. నూటికి తొంభైమంది కొనాల్సినవి అక్కడే ఉన్నాయి.

3. అంకెల్ని చదవండి, కానీ బరువు పెట్టి చదవండి

హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే స్కాట్ ప్యాక్ గెలిచినట్టుంటుంది. కారు బరువుని హార్స్‌పవర్‌తో భాగించి చూడండి. మాన్యువల్ మస్టాంగ్ జీటీ సుమారు 3,700 పౌండ్లు, కమారో ఎస్ఎస్ కూడా దాదాపు అంతే, స్కాట్ ప్యాక్ 4,200 చుట్టూ. మొదటి రెండింటికీ ఒక్కో గుర్రం మోసేది ఎనిమిది పౌండ్లు, మూడోదానికి ఎనిమిదిన్నర పైమాటే. అందుకే పత్రికల పరీక్షల్లో సున్నా నుంచి అరవై మైళ్లకి మస్టాంగ్, కమారో నాలుగు సెకన్ల దగ్గర ఉంటే స్కాట్ ప్యాక్ దానికి కాస్త పైన ఉంటుంది. రోడ్డు మీద ఆ తేడా మీకు తెలియదు.

అమెరికా పత్రికలు ఇచ్చే సమయాల్లో ఒక మెలిక ఉంది. డ్రాగ్ స్ట్రిప్ అలవాటు ప్రకారం చాలా పత్రికలు కారు మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం మొదలుపెడతాయి. దాన్ని రోలౌట్ అంటారు. దానివల్ల పావు సెకను దాకా తగ్గి కనిపిస్తుంది. రెండు కార్లని పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే పత్రికవి తీసుకోండి. కంపెనీ ప్రకటనని పత్రిక పరీక్షతో కలపకండి.

ఇంజన్ల స్వభావం మాత్రం నిజంగా వేరు, దీనికి సమయం పెట్టండి. కయోటీలో నాలుగు క్యామ్‌షాఫ్టులు ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ ప్రాణం పోసుకుంటుంది. 2018 తర్వాతిదైతే 7,500 ఆర్‌పీఎం దాకా అరుస్తుంది. కిందన కాస్త మెత్తన, గేరు తగ్గించి తొక్కితేనే మజా. కమారో ఎల్‌టీ1 పాత పద్ధతి పుష్‌రాడ్ ఇంజన్. 455 పౌండ్-ఫుట్ల టార్క్ (లాగే బలం) ఉంది కనుక గేరు ఏదైనా, స్పీడు ఎంతైనా పాదం కదిపితే కదులుతుంది. స్కాట్ ప్యాక్‌ది 475 పౌండ్-ఫుట్లు, శబ్దం గొంతులోంచి కాదు, పొట్టలోంచి వస్తుంది. హైవే మీద అరవైలో వెళ్తూ ఓవర్‌టేక్ చేయడమే మీ ఆనందమైతే ఎల్‌టీ1, 6.4 హెమీ మీకు నచ్చుతాయి. ఖాళీ రోడ్డు మీద ఇంజన్‌ని చివరిదాకా పాడించడం ఇష్టమైతే కయోటీ.

గేర్‌బాక్సుల్లో ఒక తమాషా ఉంది. 2018 నుంచి మస్టాంగ్‌లో, 2019 నుంచి కమారో ఎస్ఎస్‌లో వచ్చిన పది గేర్ల ఆటోమేటిక్ ఫోర్డ్, జీఎం కలిసి రూపొందించినదే. బయట అభిమానులు కొట్టుకుంటుంటే లోపల కంపెనీలు కలిసి పనిచేసుకున్నాయి. ఛాలెంజర్‌లోది జెడ్‌ఎఫ్ డిజైన్ ఎనిమిది గేర్లది. నునుపులో నాకు దానికే మొగ్గు. మాన్యువల్ కావాలనుకుంటే కమారో, ఛాలెంజర్లలో ఉండే ట్రెమెక్ టీఆర్-6060 గట్టి పెట్టె. మామూలు మస్టాంగ్ జీటీలోని ఎంటీ-82కి యజమానుల దగ్గర అంత మంచి పేరు లేదు. మాక్ 1, డార్క్ హార్స్ మస్టాంగ్‌లలో ఫోర్డ్ కూడా ట్రెమెక్‌కే వెళ్లింది.

మలుపుల సంగతికొస్తే కమారోకి పోటీ లేదు. దాని కింద ఉన్న ఆల్ఫా ప్లాట్‌ఫారం క్యాడిలాక్ ఏటీఎస్ నుంచి వచ్చింది. ట్రాక్ కోసం చేసిన 1ఎల్ఈ ప్యాకేజీ ఉంటే యూరప్ స్పోర్ట్స్ కార్లకి చెమట్లు పట్టిస్తుంది. మస్టాంగ్ 2015లో వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కి మారాక బాగా దగ్గరికొచ్చింది, పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నది చూసుకోండి. ఛాలెంజర్ నిటారుగా వెళ్లడానికి పుట్టింది. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా 240 మైళ్లు వెళ్లి దిగితే నడుము నొప్పి లేకుండా దించేది కూడా అదే.

4. అద్దంలోంచి చూడకండి, అద్దం లోపలికెళ్లి చూడండి

రూపం గురించి ఎవరి కళ్లు వాళ్లవి, అయినా ఫోటో చూసి నిర్ణయించుకోకూడదు. బయట నిలబడి పావుగంట, లోపల కూర్చుని అరగంట గడపండి.

ఛాలెంజర్ 1970 నాటి ఆకారాన్ని పెద్దగా దాచకుండా మళ్లీ గీసింది. 2008 నుంచి చివరిదాకా పెద్ద మార్పు లేదు. పదిహేనేళ్లు అదే మొహంతో అమ్మినా ఎవరికీ మొహం మొత్తలేదంటే ఆ గీతలో ఏదో ఉన్నట్టే. వైడ్‌బాడీ రకం పక్కన నిలబడితే మిగతా రెండూ చిన్నవాటిలా కనిపిస్తాయి. నిజంగానే అది దాదాపు 198 అంగుళాల పొడవు, మిగతా రెండూ 188 దగ్గర. మీ గరాజ్‌లో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, పాత పరుపు ఉంటే టేపు పెట్టి కొలుచుకోండి.

మస్టాంగ్ పొడవాటి బానెట్, వెనక మూడు గీతల లైట్లు దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. 2018లో మొహం దించి మార్చారు. 2015–17 మొహమే బాగుందనేవాళ్లలో నేనొకణ్ణి. 2024 తర్వాతి దాని లోపల డాష్‌బోర్డు నిండా స్క్రీన్లే. 1980ల చివరి మస్టాంగ్ మీటర్లలాగా కనిపించే ఏర్పాటు కూడా పెట్టారు, అది బాగుంది. ఏసీ బటన్లు కూడా స్క్రీన్లోకి పోవడం బాగోలేదు.

కమారో బయట నుంచి మూడింట్లోకీ కండగలది. నడుము గీత పైకి, కప్పు కిందికి, కిటికీలు సన్నటి చీలికలు. లోపల కూర్చుంటే అదే శిక్ష. పక్క లేన్ చూడాలంటే అద్దాల మీద, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక మీద ఆధారపడాలి. ఆ ఏర్పాటు లేని కమారో కొనకండి. ఆరో తరంలో 2019 ఎస్ఎస్ ముందు భాగానికి పెట్టిన నల్ల పట్టీ అభిమానులకే నచ్చలేదు, కంపెనీ 2020లో సరిదిద్దింది. ఆ ఏడాది బండి కాస్త చౌకగా బేరమాడొచ్చన్నది దానివల్ల వచ్చిన లాభం.

లోపల కూర్చున్నాక చేయాల్సిన పనులు ఇవి. సీటు మీ ఎత్తుకి సర్దుకుని వెనక సీట్లో మీరే కూర్చోండి. డిక్కీ తెరిచి మీ ఇండియా ప్రయాణాల పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్లి పెట్టి చూడండి. సిగ్గుపడక్కర్లేదు, సేల్స్‌మన్ ఇంతకన్నా వింతలు చూసుంటాడు. ఛాలెంజర్ డిక్కీ 16.2 క్యూబిక్ అడుగులు, మస్టాంగ్‌ది 13.5, కమారోది 9.1. కమారోలో చోటు తక్కువన్నది ఒక బాధైతే, డిక్కీ నోరు ఇరుకన్నది ఇంకో బాధ. చోటున్నా సూట్‌కేసు దూరదు. కాస్ట్‌కో సరుకులు ఏ కారులో తెస్తారో ముందే తేల్చుకోండి.

శబ్దం కూడా రూపంలో భాగమే. 2018 నుంచి మస్టాంగ్‌లో యాక్టివ్ ఎగ్జాస్ట్ ఉన్నవాటికి, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మెల్లగా స్టార్ట్ అవ్వమని చెప్పిపెట్టుకునే వీలుంది. షెల్బీ జీటీ350 చప్పుడుకి ఒక ఫోర్డ్ ఇంజనీరు ఇంటి పొరుగువాళ్లు పోలీసుల్ని పిలిచిన తర్వాత పుట్టిన ఆలోచన అది. తెల్లవారుజామున ఆఫీసుకెళ్లే అపార్ట్‌మెంట్ వాసులకి ఇది నిజంగా పనికొచ్చే సదుపాయం.

5. ఒక వారాంతం అద్దెకి తీసుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. అద్దె కార్ల కంపెనీల దగ్గర మస్టాంగ్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మనుషుల సొంత కార్లు అద్దెకిచ్చే యాప్‌లలో స్కాట్ ప్యాక్, కమారో ఎస్ఎస్ కూడా వెతికితే దొరుకుతాయి. 1966లోనే హెర్ట్జ్ సంస్థ షెల్బీ జీటీ350హెచ్ అద్దెకిచ్చిన దేశం ఇది. డీలర్ దగ్గర పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఏదైనా అద్భుతంగానే ఉంటుంది. రెండు రోజులు అదే కారులో కిరాణాకి, గుడికి, స్నేహితుల ఇంటికి వెళ్లాక అసలు రంగు బయటపడుతుంది. అద్దె డబ్బు ముప్పై నలభై వేల డాలర్ల నిర్ణయంలో ఒక మూలకి రాదు.

6. ధర అంటే స్టిక్కర్ మీది అంకె కాదు

కొత్త కారు కిటికీకి అతికించే కాగితాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు. 1958 నాటి చట్టం ప్రకారం అది తప్పనిసరి. అందులో కంపెనీ ధర, ఆప్షన్లు, రవాణా ఛార్జీ విడివిడిగా ఉంటాయి. ప్రకటనల్లో చూపే "మొదలయ్యే ధర"లో రవాణా ఛార్జీ తరచుగా ఉండదు. స్టిక్కర్ పక్కన డీలర్ సొంతంగా ఇంకో కాగితం అతికిస్తే, మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అన్న మాట కనిపిస్తే, అది డీలర్ లాభమే తప్ప ఇంకేమీ కాదు. నిస్సంకోచంగా బయటికి నడవండి. డార్క్ హార్స్ లాంటి ప్రత్యేక రకాల మీద ఈ పని ఎక్కువ చేస్తారు.

పాత కారైతే లెక్క ఇలా వేయండి. బేరం ధరకి సేల్స్ టాక్స్ కలపండి: టెక్సస్‌లో 6.25 శాతం, న్యూజెర్సీలో 6.625. టెక్సస్‌లో మనిషి దగ్గర నేరుగా కొంటే ఒక కిటుకు గుర్తుంచుకోండి. మీరు రాసుకున్న ధర ఆ కారుకి ప్రభుత్వం అనుకునే విలువలో 80 శాతం కన్నా తక్కువైతే, ఆ 80 శాతం మీదే పన్ను పడుతుంది. తక్కువ ధర రాయించుకుని లాభపడదామనుకునే తెలివి అక్కడ పనిచేయదు.

గ్యాస్ లెక్క వేద్దాం. మస్టాంగ్ జీటీ కలిపి గ్యాలన్‌కి 18 మైళ్లు ఇస్తుందనుకోండి, ఏడాదికి 12,000 మైళ్లు నడిపితే 667 గ్యాలన్లు. ప్రీమియం 3.50 డాలర్లకి దొరికితే 2,330 దాటుతుంది. గ్యాలన్‌కి 32 ఇచ్చే కామ్రీకి 3 డాలర్ల మామూలు గ్యాస్‌తో 1,125. ఏడాదికి పన్నెండొందల తేడా, భయపడాల్సిన మొత్తం కాదు. కయోటీ మామూలు గ్యాస్‌తో కూడా నడుస్తుంది, శక్తి కాస్త తగ్గుతుందంతే. 5.7 హెమీకి మధ్యరకం 89 ఆక్టేన్ గ్యాస్ చాలు. ఎల్‌టీ1కి, 6.4కి ప్రీమియమే పోయండి.

అసలు దెబ్బ కొట్టేవి టైర్లు, ఇన్సూరెన్సు. పర్ఫార్మెన్స్ ప్యాకేజీ మస్టాంగ్ వెనక 275 వెడల్పు, స్కాట్ ప్యాక్ వైడ్‌బాడీకి నాలుగూ 305 వెడల్పు. మెత్తటి రబ్బరు కనుక కామ్రీ టైర్లలో సగం కాలం కూడా రావు. కొనేముందే ఆ సైజు టైర్ల సెట్ ధర ఆన్‌లైన్లో చూసుకోండి.

ఇన్సూరెన్సు కోట్ మాత్రం మోడల్ పేరుతో కాదు, ఆ కారు వీఐఎన్ (గుర్తింపు) నంబరుతోనే తీసుకోండి. ఒకే పేరున్న రెండు రకాలకి మధ్య తేడా నోరెళ్లబెట్టేలా ఉంటుంది. పాతికేళ్లు నిండనివాళ్లు, అమెరికా లైసెన్సు వచ్చి రెండేళ్లు కానివాళ్లు ఈ కోట్ రాకముందు అడ్వాన్సు ఇవ్వకండి. నెలవారీ లోన్ కిస్తీకి పోటీగా ప్రీమియం వచ్చిన కుర్రాళ్లున్నారు. డాడ్జ్ బండ్లకి దొంగల బెడద అదనం. ఇన్సూరెన్సు గణాంకాలు చూసే హెచ్‌ఎల్‌డీఐ 2023లో ఇచ్చిన లెక్కల్లో ఛాలెంజర్ తోబుట్టువైన ఛార్జర్ హెల్‌క్యాట్ దొంగతనాల క్లెయిముల్లో అన్నిటికన్నా ముందు నిలిచింది. 2021లో డాడ్జ్ ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది: నాలుగంకెల కోడ్ కొట్టకపోతే ఇంజన్ 675 ఆర్‌పీఎం దాటదు, మూడు హార్స్‌పవర్లే. మీరు చూస్తున్న స్కాట్ ప్యాక్‌కి అది ఎక్కించారా అని అడగండి.

వీసా మీద ఉన్నవాళ్లు లోన్ కాలాన్ని ఐ-797 (వీసా అనుమతి పత్రం) గడువు పక్కన పెట్టి చూసుకోండి. ఏడేళ్ల లోన్ తీసుకుంటే కిస్తీ చిన్నదవుతుంది, కానీ మధ్యలో ఉద్యోగం మారినా, వెనక్కి వెళ్లాల్సి వచ్చినా కారు విలువకన్నా బాకీ ఎక్కువ ఉంటుంది. "పోతే ఇండియాకి పట్టుకుపోతాను" అనుకోకండి, అక్కడి దిగుమతి నియమాలు కుడివైపు స్టీరింగ్ అడుగుతాయి. 2016లో ఫోర్డ్ ఇండియాలో అమ్మిన మస్టాంగ్ జీటీ కుడి స్టీరింగ్‌తోనే వచ్చింది, ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 65 లక్షలు. మీ టెక్సస్ బండి అలా మారదు.

7. వీఐఎన్ చదవడం నేర్చుకోండి

పదిహేడు అక్షరాలు. మొదటిది దేశం: మస్టాంగ్, కమారోలకి 1, బ్రాంప్టన్‌లో పుట్టిన ఛాలెంజర్‌కి 2. పదోది మోడల్ సంవత్సరం: ఎఫ్ అంటే 2015, జె అంటే 2018, ఎల్ అంటే 2020, పి అంటే 2023. ఎనిమిదోది ఇంజన్, దీన్ని తప్పకుండా చూడండి. మస్టాంగ్‌లో ఎఫ్ ఉంటే 5.0, హెచ్ ఉంటే ఎకోబూస్ట్. ఛాలెంజర్‌లో జి అంటే వీ6, టి అంటే 5.7, జె అంటే 6.4, 9 అంకె ఉంటే హెల్‌క్యాట్. వీ6కి స్కాట్ ప్యాక్ బ్యాడ్జీలు అతికించి అమ్మేవాళ్లు ఉన్నారు. బ్యాడ్జీ ఎవరైనా అతికిస్తారు, ఎనిమిదో అక్షరాన్ని ఎవరూ మార్చలేరు. అదే నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో రీకాల్స్ పెండింగ్ ఉన్నాయేమో ఉచితంగా తెలుస్తుంది. చరిత్ర రిపోర్టు డబ్బు పెట్టి తీసుకోండి. అందులో ఏమీ లేదంటే ప్రమాదం జరగలేదని కాదు, ఎవరూ నమోదు చేయలేదని.

8. చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టండి

"మీరు వచ్చేసరికి స్టార్ట్ చేసి ఉంచుతాను" అని అమ్మేవాడంటే, వద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. హెమీ స్టార్ట్ చేసిన క్షణం నుంచి టక్ టక్ టక్ మని లయగా చప్పుడొచ్చి, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగి ఉండొచ్చు. వేడెక్కినా తగ్గకపోతే లిఫ్టర్లు (ఇంజన్ వాల్వులని కదిపే భాగాలు) అనుమానించాలి, అది పెద్ద ఖర్చు. 2018–19 కయోటీలో వేడెక్కాక టైప్‌రైటర్ కొట్టినట్టు చప్పుడు చాలామంది యజమానులు చెబుతారు. విన్నది విన్నట్టు రికార్డు చేసుకుని మెకానిక్‌కి వినిపించండి.

2016–18 కమారో ఎస్ఎస్ ఆటోమేటిక్ అయితే హైవే మీద స్థిరమైన వేగంలో యాక్సిలరేటర్ కొద్దిగా మాత్రం నొక్కి ఉంచండి. రంబుల్ స్ట్రిప్ మీద వెళ్తున్నట్టు సన్నటి వణుకు వస్తే అది ఆ ఎనిమిది గేర్ల పెట్టెకి తెలిసిన జబ్బే. ఫ్లూయిడ్ మార్చమని జీఎం డీలర్లకి బులెటిన్లు ఇచ్చింది, మార్చిన రసీదు అడగండి. మస్టాంగ్ పది గేర్లది అయితే నెమ్మది వేగాల్లో గేరు మారేటప్పుడు కుదుపు ఉందేమో చూడండి. మాన్యువల్ దేన్నైనా మూడో గేర్లో తక్కువ ఆర్‌పీఎం నుంచి గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్ అరిగిపోయింది.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు యజమాని ఎలాంటివాడో కనిపెట్టడం. వెనక టైర్లు కొత్తవి, ముందువి పాతవి అయితే వెనకవి ఎక్కడ కరిగాయో ఊహించండి. వెనక చక్రాల గుంటల లోపల నల్లటి రబ్బరు ముక్కలు అతుక్కుని ఉంటాయి, కడిగినా పూర్తిగా పోవు. ఇన్‌టేక్ గొట్టం మారి ఉందా, ఎగ్జాస్ట్ మారి ఉందా, కంప్యూటర్ ట్యూన్ చేయించాడా అని అడగండి. ట్యూన్ చేసిన బండికి కంపెనీ వారంటీ క్లెయిము గొడవే. "ఇప్పుడు స్టాక్‌లోకి (కంపెనీ ఇచ్చిన రూపానికి) మార్చేశాను" అన్న మాట నన్ను ఇంకా భయపెడుతుంది. నా వరకైతే రెండు వేల డాలర్లు ఎక్కువైనా, నలభై దాటిన మొదటి యజమాని దగ్గర, కవరు కింద పెరిగిన స్టాక్ బండినే కొంటాను.

చివరిగా, మీరు నమ్మే మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించండి. ఒకటి రెండొందల డాలర్లవుతుంది. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే మీకు కావాల్సిన సమాధానం దొరికినట్టే.

9. నా మొగ్గు, తర్వాత కాగితాలు

ఒకే కారు, రోజువారీ వాడకం, అప్పుడప్పుడూ సరదా అంటే 2018 తర్వాతి మస్టాంగ్ జీటీ, పర్ఫార్మెన్స్ ప్యాకేజీతో. మూడింట్లో దేన్లోనూ మొదటి స్థానం కాకపోవచ్చు, కానీ దేన్లోనూ ఇబ్బంది పెట్టదు. సర్వీసు, విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇంట్లో వేరే కారు ఉండి, నడపడమే ప్రాణమైతే కమారో ఎస్ఎస్ 1ఎల్ఈ. అది ఇక తయారు కాదు కనుక బాగా చూసుకున్న బండి ధర ఊరికే పడిపోదని నా అంచనా. పిల్లలు, దూర ప్రయాణాలు, అందరి కళ్లూ పడాలన్న సరదా కలిసి ఉంటే స్కాట్ ప్యాక్. ఆర్/టీ ధర స్కాట్ ప్యాక్‌కి దగ్గరగా చెబితే మాత్రం ఇంకొన్ని నెలలు దాచుకుని స్కాట్ ప్యాకే కొనండి.

ప్రైవేటుగా కొంటుంటే డబ్బు అమ్మేవాడి బ్యాంకులోనే, క్యాషియర్స్ చెక్కు రూపంలో ఇవ్వండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద లీన్ (అప్పిచ్చినవాళ్ల హక్కు) లేదని, పేరు అమ్మేవాడి లైసెన్సుతో సరిపోయిందని చూశాకే సంతకాలు. తాళాలు చేతికి రాకముందే ఇన్సూరెన్సు మొదలై ఉండాలి, ఫోన్లో పది నిమిషాల పని. శీతాకాలంలో కొంటే టైర్ల పక్క గోడ మీద ఏమి రాసుందో చదవండి. సమ్మర్ టైర్లు ఉన్న బండిని 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చలిలో ఇంటికి నడిపించుకురాకండి, ఆ రబ్బరు చెక్కలా గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఒక రోజు ఆగండి, లేదా ట్రక్కు మీద తెప్పించుకోండి.